గంధకం బిరడా

"అబ్బ, ఏం కంపండీ బాబూ! ఆ కిటికీ కాస్త మూసెయ్యండి," అంది పక్క సీట్లో అమ్మాయి, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని.

నేను మూయలేదు. బస్సు మైలవరం దాటి తిరువూరు దారి పట్టింది. రోడ్డుకి రెండు వైపులా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. బూడిద తెగులు రాకుండా ఎవరో పూతకి గంధకం కొడుతున్నారు. "తోట దాటితే అదే పోతుందిలేమ్మా," అని ఆ పిల్లకి చెప్పి, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఈ ముసలావిడకి పిచ్చేమో అన్నట్టు చూసింది. చూడనీ, నాకేం నష్టం? ఆ వాసన ముక్కుకి తగిలితే చాలు, నేను పదో తరగతి చదివే ఆడపిల్లనైపోతాను. రెండు జడలు, రిబ్బన్లు, చంకలో పొడుగాటి రిజిస్టరు.

నాకు చిన్నప్పట్నుంచీ నోరెక్కువ. ఇది నేను గొప్పగా చెప్పుకుంటున్నది కాదు, మా నాయనమ్మ ఊరంతా చెప్పిన మాట. "దీని నోటికి తాళం లేదు, ఏ ఇంట్లో నెట్టుకొస్తుందో ఏమో," అనేది. నేను నెట్టుకొచ్చాను, భేషుగ్గా నెట్టుకొచ్చాను. కానీ ఆ నోటివల్లే మా బడి ఒకసారి ఓ గది పోగొట్టుకుంది. ఇన్నేళ్ళకీ ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గు వెయ్యదు.

అప్పటి మా తిరువూరు వేరు. పత్తి బళ్ళు వరసగా వెళుతుంటే రోడ్డంతా తెల్లగా పింజలు పడేవి, మేం ఏరుకుని దీపం వత్తులకని ఇంటికి తెచ్చేవాళ్ళం. బియ్యం మిల్లు ఆడితే బజారంతా తవుడు వాసన. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బడి వరండాలో ముప్ఫై క్యారియర్లు ఒక్కసారి తెరుచుకునేవి. మాగాయ, గోంగూర, మజ్జిగన్నంలో నంజుకునే చల్లమిరపకాయలు. ఎవరింట్లో ఏం వండారో గంటసేపట్లో బడి మొత్తానికీ తెలిసిపోయేది.

ఆ ఏడే మాకు కొత్త సైన్సు మాస్టారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఓ స్క్రూడ్రైవరు. పెళ్ళి కాలేదు, హోటల్లో ఇడ్లీ తిని బడికొచ్చేవారు. వచ్చిన వారానికే, ఎన్నేళ్ళనుంచో తాళం వేసి ఉన్న సైన్సు గది తీయించారు. మేం మూడు గంపల దుమ్మూ, ఓ తేలునీ ఊడ్చి బయట పారేశాం. ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి అన్నారు: "ఈ పెంకుల కప్పులోంచి, నీ తలలోంచి, నా అరచేతిలోంచి ఇప్పుడే, ఈ క్షణంలో, కిరణాలు దూసుకుపోతున్నాయి. ఆకాశంలోంచి వస్తున్నాయి. కాస్మిక్ కిరణాలంటారు. ఎక్కడ పుడుతున్నాయో ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చలేదు."

నేను ఊరుకుంటానా? లేచి నిలబడి, "నా తలకేం తగల్లేదండీ," అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం సంబరపడిపోయారు. "అదే కావాలి! తగిలిందని మాటవరసకి ఒప్పుకోకూడదు. తగిలినట్టు చూపించే పనిముట్టు చేద్దాం. పని నీదే," అన్నారు.

చేశాం. వెడల్పు మూతి గాజు సీసా ఒకటి మా ఇంట్లో ఊరగాయది, నాయనమ్మకి చెప్పకుండా తెచ్చాను. సీసాలోకి దిగే రాగి తీగ, ఆ తీగ చివర వేలాడే పల్చటి వెండి రేకు. తీగకి విద్యుత్తు ఎక్కిస్తే రేకు తీగని తోసుకుని పైకి లేస్తుంది. ఆ విద్యుత్తు పోయేకొద్దీ మెల్లగా కిందికి దిగుతుంది. కిరణాలు సీసాలోని గాలిని తాకితే ఆ గాలి కొంచెం కొంచెంగా విద్యుత్తుని లాగేసుకుంటుంది. రేకు ఎంత దిగిందో కొలిస్తే కిరణాల జాడ తెలిసినట్టే. వెండి రేకు మిఠాయి కొట్లో కోవా బిళ్ళల మీద అంటించేదే. రేకు కోసం బిళ్ళలు కూడా కొనక తప్పలేదు. ఆ బిళ్ళలు ఏమయ్యాయో రిజిస్టర్లో రాయలేదు.

చిక్కల్లా బిరడాతో వచ్చింది. తీగని సీసా మూతిలో పట్టుకునే బిరడా విద్యుత్తుని జారనివ్వకూడదు. కార్కు పెడితే రేకు నిమిషంలో పడిపోయింది. రబ్బరు పెట్టాం, అదీ అంతే. అప్పుడు మాస్టారు, "గంధకం కావాలి. కరిగించి పోస్తే దాన్ని మించింది లేదు," అన్నారు. గంధకానికేం కొదవ? రెడ్డిగూడెంనుంచి సైకిలు మీద వచ్చే మా క్లాసు కుర్రాడు, వాళ్ళ తోటలో మిగిలిన గంధకం మర్నాడే పొట్లం కట్టి తెచ్చాడు. కుంపటి మీద ఇనప గరిటెలో కరిగించాం. తేనె రంగులో కరిగింది గానీ, ఆ కంపు! హెడ్మాస్టారు రుమాలు ముక్కుకి నొక్కుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఏంటి మాస్టారూ ఇది? బడిని తగలెడతారా ఏంటి?"

"లేదండి. బిరడా పోస్తున్నామండి."

"బిరడాయా! ఊళ్ళో బిరడాలే దొరకలేదా మీకు?" అని గొణుక్కుంటూ వెళ్ళారాయన. నున్నటి బట్టతల, చెవుల మీద నాలుగు తెల్ల వెంట్రుకలు, జేబులో ఆకుపచ్చ సిరా పెన్ను. ఆయన్ని చూస్తే బడంతా గజగజ. చల్లారాక సీసాకి బిగించే తగరపు మూత మధ్యలో, తీగ చుట్టూ, పచ్చటి గంధకం బిరడా బిళ్ళలా గట్టిపడింది. సీసా లోపల చెమ్మ పట్టకుండా ఓ కాల్చిన సున్నపురాయి ముక్క వేసి మూత బిగించాం.

విద్యుత్తు ఎక్కించడానికి కరెంటేం అక్కర్లేదు, దువ్వెన చాలు. దువ్వెనతో బరబరా తల దువ్వి ఆ దువ్వెనని తీగకి రాస్తే రేకు లేవాలి. మొదటిరోజు పదిమంది ఆడపిల్లలం దువ్వాం, రేకు కదిలితే ఒట్టు. మా తలలన్నీ ఆముదం, కొబ్బరినూనెలతో కారిపోతున్నాయి మరి! దాంతో మాస్టారు ఓ పద్ధతి పెట్టారు. ఆ రోజు కుంకుడుకాయతో తలంటుకుని వచ్చినవాళ్ళే దువ్వాలి. ఉదయం ప్రార్థన అవగానే, "ఇవాళ తలంటు ఎవరిది?" అని అడిగేవారు. నా పేరు ఎక్కువసార్లు రావాలని నేను వారానికి మూడుసార్లు తలంటుకునేదాన్ని. "ఇదేం వింతే, పండగా పబ్బమా?" అని నాయనమ్మ ఆశ్చర్యపోయేది.

ప్రార్థన బెల్లుకి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, లాంగ్ బెల్లుకి ఒకసారి, సీసా వెనక అంటించిన గీతల కాగితం మీద రేకు ఎక్కడుందో చూసి రిజిస్టర్లో రాయడం నా పని. రోజంతా కాస్తే రేకు ఒక గీత దిగేది, మహా అయితే రెండు. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఇంత నీరసం కిరణాలేంటండీ?" అనేదాన్ని. "వాటి పని అవి చేసుకుంటాయి. చూడటం మన పని," అనేవారు మాస్టారు. అందులో మట్టిలోంచి, గోడల్లోంచి వచ్చేవి కూడా కొన్ని ఉంటాయని, మన సీసా రెంటినీ విడదీసి చెప్పలేదని కూడా దాచకుండా చెప్పారు. విడదీయడానికి పూర్వం ఒకాయన ఇలాంటి పనిముట్టే పట్టుకుని బెలూన్‌లో మబ్బుల పైకి వెళ్ళాడట. పైకి పోయేకొద్దీ అది త్వరగా దిగిందట. "అయితే మనం నీళ్ళ ట్యాంకు ఎక్కుదామండీ," అన్నాడు రెడ్డిగూడెం కుర్రాడు. "ఆ ఎత్తు చాలదురా నాయనా," అని మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు.

వానలు ముదిరాక గొడవ వచ్చి పడింది. మా బడిని ఆనుకుని పిల్లల హాస్టలు ఉండేది. దాని బియ్యం బస్తాలు వరండాలో తడుస్తున్నాయి. ఓ రోజు హెడ్మాస్టారు సైన్సు గదికి వచ్చి, మా ముందే చెప్పేశారు.

"చూడండి మాస్టారూ, తడిసిన బియ్యం ముక్కిపోతోంది. ఆ పిల్లలు తినేదదే. నాకు ఈ గది కావాలి."

"ఈ ఒక్క గదేనండి పిల్లలకి ఉన్నది. ఇది పోతే మళ్ళీ సైన్సంటే బోర్డు మీద బొమ్మే."

హెడ్మాస్టారు కాసేపు బట్టతల నిమురుకున్నారు. "సరే. దసరా సెలవుల తర్వాత ఇన్‌స్పెక్షన్ ఉంది. వచ్చే పెద్దసారు ఈ గది బడికి అవసరం అని రాస్తే మీకే వదిలేస్తాను, బస్తాల తిప్పలు నేను పడతాను. రాయకపోతే మర్నాడే బస్తాలు లోపలికొస్తాయి," అన్నారు. ఆయన మాటంటే మాటే. ఆ రోజునుంచి నాకు అన్నం సహించలేదు. ఆ గదిలో నేను గరిటె పట్టాను, తీగ వంచాను, ఆకాశం సంగతి రిజిస్టర్లో రాశాను. మరి ఆడపిల్లకి అంతటి చోటు ఇంకెక్కడుందప్పుడు?

దసరాకి మాస్టారు వాళ్ళ ఊరు వెళుతూ గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నవమి దాకా లెక్క తప్పనివ్వకు. దశమికి నీకూ సెలవు," అన్నారు. ఆ తాళంచెవి లంగా బొందుకి కట్టుకుని పండగంతా ఊరేగాను.

నవమినాడు పొద్దున మా ఇంట్లో ఆయుధ పూజ. నాన్న సైకిలుకి, అమ్మ కుట్టు మిషనుకి, కత్తిపీటకి, రోలుకి పసుపు, కుంకుమ. పులిహోర తిరగమోత గుమగుమలు వీధి చివరిదాకా. నాయనమ్మ పసుపు గిన్నె నా ముందుకి తోసి, "నీ యంత్రం మాత్రం ఏం పాపం చేసిందే? దానికీ పెట్టిరా. పని చేసిపెట్టే వస్తువుకి ఏడాదికొక్కసారన్నా దణ్ణం పెట్టుకోవాలి," అంది. అప్పటికి ఊరగాయ సీసా సంగతి ఆవిడకి తెలిసిపోయింది, క్షమించేసింది కూడా.

నాకు భలే నచ్చింది. బడికి వెళ్ళి ముందు కొలత చూసి రాసుకున్నాను. ఆ తర్వాత గాజు మీద ఎదురుగా కుంకుమ బొట్టు పెట్టాను. బొట్టు పెట్టాలంటే గడపకి ముందు పసుపు రాయాలి కదా? సీసాకి గడప ఏది? బిరడా! ఇంక చూస్కోండి, గంధకం బిళ్ళంతా తడి పసుపు మెత్తగా పూసేశాను. తీగ మొదటినుంచి తగరపు మూత అంచుదాకా, ఎక్కడా ఖాళీ లేకుండా. పచ్చ మీద పచ్చ. పూసినట్టే తెలియలేదు. అగరొత్తి వెలిగించి, రెండు చేతులూ జోడించి, పెద్దసారు మంచి మాట రాయాలని గట్టిగా మొక్కుకుని తాళం వేసి వచ్చాను.

బడి తెరిచిన రోజు పొద్దున్నే తలంటుకుని తయారయ్యాను. మాస్టారు బస్సు దిగి నేరుగా బడికే వచ్చారు, చేతిలో సంచీ అలాగే ఉంది. అప్పటికే పెద్దసారు వచ్చేశారు. తెల్లటి ప్యాంటు, నల్లకళ్ళద్దాలు, వెనకాల చేతులు కట్టుకున్న హెడ్మాస్టారు. మాస్టారు గాజు మీది కుంకుమ బొట్టు చూసి నా వైపు చిన్నగా నవ్వారు. ఆయనకి అనుమానం ఎందుకొస్తుంది?

నేను దువ్వెన రాశాను. రేకు ఠీవిగా లేచింది. మాస్టారు కిరణాల సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన నాలుగు ముక్కలు చెప్పేలోపు రేకు దిగడం మొదలైంది. ఒక గీత. రెండు. మూడు. అయిదు నిమిషాలు గడిచేసరికి తీగకి అంటుకుపోయింది.

"అద్భుతం!" అన్నారు పెద్దసారు. "నా కళ్ళతో చూశానయ్యా! పల్లెటూరి బళ్ళో ఇంత పరిశోధనా? ఈ గది బడికి కచ్చితంగా ఉండాల్సిందే." జేబులోంచి పెన్ను తీశారు. హెడ్మాస్టారి మొహం కూడా వెలిగిపోయింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. సీసా వైపు చూశారు, రిజిస్టరు వైపు చూశారు, నొసలు ముడిపడింది. ఆయనకి అర్థం కావడం లేదు. నాకు అర్థమైంది. బిరడా అంచున ఎండిన పసుపు సన్నగా పగిలి పెచ్చు లేచింది. అది నాకొక్కదానికే తెలుసు.

నోరు మూసుకుంటే గది మాది. మాస్టారికి కూడా చెప్పక్కర్లేదు, సాయంత్రం తుడిచేస్తే సరి. పెద్దసారు పెన్ను మూత తీశారు. నా చంకలో రిజిస్టరు ఉంది. ఇవాళ్టి తేదీ కింద నేనేం రాయాలి? రోజుకి ఒక గీత అని నెలంతా రాసినదాన్ని, ఇవాళ ఏమని రాయను?

"అది కిరణాలు కాదండీ," అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది. "పసుపండీ. నవమికి నేనే బిరడాకి రాశాను. విద్యుత్తు పసుపులోంచి జారిపోతోందండీ. అసలు కిరణాలకైతే సాయంత్రందాకా కూర్చున్నా ఒక గీతే దిగుతుందండీ."

హెడ్మాస్టారు నన్ను మింగేసేట్టు చూశారు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి, "నిన్నెవరడిగారమ్మా?" అన్నారు.

"ఎవరూ అడగలేదండీ. రిజిస్టరు రాసేది నేనండీ."

మాస్టారు స్క్రూడ్రైవరు తీసి బిరడా మీది పసుపంతా గీకారు, పొడిగుడ్డతో తుడిచారు. నన్ను మళ్ళీ దువ్వెన రాయమన్నారు. రేకు లేచింది. లేచింది లేచినట్టే నిలబడింది. పావుగంట చూశారు పెద్దసారు. రేకు వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన గడియారం చూసుకుని లేచారు.

"పిల్ల చెప్పింది నిజమే, మెచ్చుకోవాల్సిందే. కానీ కనబడనిదాన్ని చూశానని నేనెలా రాయను మాస్టారూ?" అన్నారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మర్నాడే బస్తాలు లోపలికొచ్చాయి. బల్లలు మేమే మోసి బయటపెట్టాం. మోస్తున్నంతసేపూ వెక్కివెక్కి ఏడ్చాను. మొగపిల్లలు నన్ను "పసుపు కిరణాలు" అని పిలవడం మొదలుపెట్టారు, ఆ పేరు బడి వదిలేదాకా పోలేదు. మాస్టారు ఒక్కసారి కూడా ఎందుకు చెప్పావని అనలేదు. మా క్లాసు కిటికీ పైన గూట్లో ఓ చెక్క దిగ్గొట్టి సీసా, రిజిస్టరు అక్కడ పెట్టారు. స్టూలెక్కి చూసి రాయమన్నారు. రాశాను, రోజుకి ఒక గీత చొప్పున.

హెడ్మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు. కానీ రౌండుకి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర ఆగి, తలెత్తి చూసి వెళ్ళేవారు. ఎందుకో మాకు తెలియదు. మళ్ళీ ఆ గూడు కూడా తీయించేస్తారేమో అని నేను హడలిపోయేదాన్ని.

కార్తీకంలో నాకు జ్వరం తగిలింది. మూడురోజులు మంచం దిగనివ్వలేదు నాయనమ్మ. మిరియాల కషాయం, పెసరకట్టు అన్నం. సరిగ్గా అప్పుడే మాస్టారు కూడా ట్రైనింగని బెజవాడ వెళ్ళారు. ఇంక చూసేవాళ్ళేరీ? సీసా గూటికెక్కినప్పట్నుంచీ ఒక్క పూట కూడా తప్పని లెక్కలో మూడురోజుల గుంట పడుతుంది. జ్వరంకంటే ఆ దిగులే నన్ను ఎక్కువ తినేసింది. "ఆ సీసాకి ఊపిరి పోతుందా ఏంటే, పడుకో!" అని కసిరింది నాయనమ్మ.

నాలుగోరోజు బడికి పరిగెత్తి స్టూలెక్కి రిజిస్టరు తీశాను. ఆ మూడురోజులూ మూడు పూటలూ నిండి ఉన్నాయి. ఆకుపచ్చ సిరా. గుండ్రటి దస్తూరి. ప్రతి పూటా టైము, గీత నంబరు, పక్కన సంతకం. రెండోరోజు మధ్యాహ్నం దగ్గర ఓ వాక్యం: "రేకు బాగుగా దిగిపోయినందున మరల ఛార్జి చేయించవలసి వచ్చినది. నాకు జుట్టు లేనందున తలంటుకున్న ఎనిమిదో తరగతి బాలికను పిలిపించితిని." దాని కింద ఇంకో వరస: "అంతకు ముందు బిరడా స్వయముగా పరిశీలించితిని. పసుపు లేదు."

కింద ఆఫీసు ముద్ర కూడా వేశారు.

ఆ బట్టతలాయన, ఆ గజగజలాడించే మనిషి, పిల్లల స్టూలెక్కి రోజుకి మూడుసార్లు మా సీసాలోకి తొంగి చూశాడు! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. మాస్టారు ఊరినుంచి రాగానే రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"గది పోతే పోయింది అమ్మాయ్," అన్నారు. "మొన్నటిదాకా చూసేవాళ్ళం ఇద్దరం. ఇప్పుడు ముగ్గురం."

తర్వాత నేనూ ఫిజిక్సే చదివాను, ముప్ఫైయేళ్ళు పాఠాలు చెప్పాను, కిరణం తగిలితే టిక్కుమనే యంత్రాలున్న పెద్ద ల్యాబుల్లో తిరిగాను. నా క్లాసు పిల్లలు కొలతల్ని అందంగా దిద్దుకొచ్చినప్పుడల్లా పట్టుకుని తిట్టాను, వాళ్ళు నన్ను రాక్షసి అన్నారని కూడా తెలుసు. తిడుతున్నప్పుడు నా కళ్ళముందు ఉండేది బస్తాలు పెట్టిన గది కాదు, స్టూలు మీద నిలబడ్డ హెడ్మాస్టారు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే గది మాకు దక్కేది. ఆయన మాత్రం ఎప్పటికీ ఆ స్టూలెక్కేవారు కాదు.